జీరో కొట్టిన చోటు

దెయ్యాల ముచ్చట చెప్పేటోళ్లందరు అమాస రాత్రి అంటరు, కుక్కలు ఏడ్సినయ్ అంటరు. నా ముచ్చటల అవేమీ లెవ్వు. మే నెల, పట్టపగలు. నెత్తి మీది నుంచి విమానాలు పోతున్నయి, రోడ్డు మీద చెరుకు రసం బండి గంట మోగుతున్నది. నమ్మితే నమ్మండి, లేకుంటే మీ ఇష్టం. నమ్మమని నేనైతే ఎవరి కాళ్లు పట్టుకోను.

నా పేరు ఎవాంజెలిన్. మాది శంషాబాద్. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్ని కలిసి ఒక టీమ్ పెట్టుకున్నయి, అండ్ల నేను చేస్త. ఎక్కడన్న గ్యాస్ లీకైందని ఫోనొస్తే ఫైరోళ్ల కంటే ముందు మేం లోపలికి పోయి గాలి చూడాలె. ఏం గ్యాసు, ఎంత ఉన్నది, మనిషి పీల్చుకుంటే బతుకుతడా లేదా, మిషన్ చూసి చెప్పాలె. నేను "గాలి బాగున్నది" అన్నంకనే ఫైరోళ్లు గడప దాటాలె. ఆ రూలు కోసం ఎంతమందితోని కొట్లాడిన్నో ఆ దేవునికే ఎరుక. అంతకుముందు ఆత్రంగ ఉరికి లోపలనే పడిపోయినోళ్లు ఉన్నరు మరి.

నాతోని పోయేది నరేందర్. మహేశ్వరం దిక్కు పల్లె వాళ్లది. నాకంటే రెండేండ్లు చిన్న, అందుకని అక్కా అంటడు. వాళ్లమ్మ ముత్తమ్మ రోజూ ఇద్దరికి సరిపోయేటట్టు జొన్నరొట్టెలు, గోంగూర తొక్కు కట్టి పంపుతది. మనిషి బంగారమే గాని వానికి ఒక రోగం ఉండె. ప్రతిదానికి ఎందుకు అని అడుగుడు. బూట్లు ఎడమది ముందు ఎందుకు ఏసుకుంటవక్కా? ఆదివారం చర్చిల గంట రెండుసార్లు ఎందుకు కొడతరక్కా? చెప్పి చెప్పి నా నోరు నొచ్చేది.

ఆ పొద్దుగూడ అదే పంచాయితీ. జీపు ఇంజన్ నడుస్తున్నది, ఆ పొగ గొట్టం పక్కన నిలబడి మిషన్‌కు జీరో కొడుతున్నడు.

"ఓ మహానుభావా! ఆడ కొడుతున్నవేంది?"

"ఎందుకక్కా? ఎక్కడ కొట్టినా జీరో జీరోనే గదా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. మంచి గాలేదో చెడ్డ గాలేదో మిషన్‌కు తెలుస్తదా? నువ్వు ఏ గాలిల జీరో కొడితే అదే మంచి గాలి అనుకుంటది. విషంల కొట్టినవనుకో, ఆ విషంలనే జీరో చూపిస్తది. నువ్వేమో ఏం లేదనుకొని మాస్కు తీస్తవు."

"మరి తర్వాత బయటికి తెస్తే?"

"మైనస్ చూపిస్తది. జీరో కంటే కిందికి పోతది. పో, గాలి వచ్చే దిక్కుకు దూరంగ పోయి కొట్టుకరా."

నవ్వుకుంట పోయిండు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ యాదికున్నది.

పగటీలి అన్నాలు తిననే లేదు, ఫోనొచ్చింది. మహేశ్వరం పోయే తొవ్వల మూతపడ్డ కోల్డ్ స్టోరేజ్ ఒకటున్నది. ఒకప్పుడు చింతపండు, మిరపకాయలు దాచేది. దాని పక్క ప్లాట్లల్ల ఇండ్లు కట్టే కూలోళ్లకు కండ్లు మండుతున్నయంట. అమోనియా వాసన అంటున్నరంట. ఇట్లాంటి గోదాంలల్ల చల్లదనం కోసం పైపులల్ల తిప్పేది ఆ గ్యాసే. ఎక్కువైతే ఊపిరితిత్తులను కాల్చి పారేస్తది.

మేం పోయేటాలకు ఫైర్ బండి వచ్చి ఉన్నది. ఆ సిబ్బందికి పెద్ద గోవర్ధన్ సార్. నాతోని తిట్లు తినీ తినీ అలవాటైన మనిషి.

"మీరు చెప్పేదాక మేం కదలం మేడం."

"కదిలితే ఊకోను సార్."

గేటు తాళం తీసింది వాచ్‌మన్ బిక్షం. ముసలాయన. మమ్మల్ని చూసి చేతులు నలుపుకుంటున్నడు.

"గ్యాసంత ఎప్పుడో తీసుకపోయిండ్రు బిడ్డా. పైపులు ఖాళీ. నా ముంగటనే తీసిండ్రు."

"మరి వాసనేంది తాతా?"

"అదే సమజైతలేదు. జరసేపు అస్తది, పోతది. మళ్ల అస్తది, పోతది."

అప్పుడు చెప్పిండు. యాదయ్య అని మిషన్లు నడిపే ఆపరేటర్ ఉండెనంట. రెండేండ్ల కింద గ్యాస్ లీకైతే వాల్వు కట్టేసొస్తనని లోపలికి పోయిండు. ఆఖరి గదిల ఉండంగ తలుపు పడ్డది. బయట అందరు ఉన్నరు. గ్యాసని భయపడి ఒక్కరు లోపలికి పోలే.

"తలుపు తన్నుతుంటె ఈడికి ఇనబడ్డది బిడ్డా" అన్నడు బిక్షం. "శానసేపు ఇనబడ్డది."

నరేందర్ ఏదో అడగబోయిండు. నోరు మూసుకోమని కండ్లతోనే చెప్పిన.

బిక్షం అంగీ జేబుల నుంచి ఒక అగ్గిపెట్టె, వేలంత పొడుగు వత్తి తీసి నా చేతుల పెట్టిండు. గంధకం పూసిన వత్తి. ఐస్ ఫ్యాక్టరీలల్ల ఇది పాత పద్ధతి. వత్తి ముట్టిచ్చి పైపుల పొంటి తిప్పుకుంట పోతరు. అమోనియా తగిలిన చోట తెల్లగ, చిక్కగ పొగ లేస్తది. ఎక్కడ లీకున్నదో కంటికే కనబడ్తది.

"ఇది లేకుంట యాదన్న ఎవ్వల్ని లోపలికి పోనియ్యకపోయేది. దగ్గర ఉంచుకో."

పెద్దాయన మనసు నొప్పియ్యొద్దని కోటు జేబుల ఏసుకున్న. నా చేతుల లక్షల ఖరీదు మిషన్ ఉన్నది, వత్తితోని నాకేం పని అనుకున్న.

ముఖానికి మాస్కులు, వీపులకు గాలి సిలిండర్లు కట్టుకొని లోపలికి పోయినం. మాస్కు బిగించే ముందు ఒక్కసారి ముక్కుకు తగిలింది. పులిసిన చింతపండు, తడిసిన గోనెసంచులు. అమోనియా లేదు. మిషన్ల జీరో.

కిటికీలు లేని కట్టడం. పది అడుగులు వేసి మూల తిరిగినమో లేదో బయటి ఎండ మొత్తం మాయమైంది. రెండు దిక్కుల గదులు, మందమైన ఇనుప తలుపులు. టార్చి పడ్డ చోట తుప్పు, బూజు. సీలింగు నుంచి నీళ్లు చుక్క చుక్క పడుతున్నయి. నీళ్ల కనెక్షన్ కట్ చేసి రెండేండ్లైందని గేటు కాడ బిక్షం చెప్పిండు... మరి ఆ నీళ్లెక్కడివి? అడుగుదమంటే అడిగే రోగం నాది కాదు, నరేందర్‌ది. వాడు మాత్రం తలుపులు లెక్కపెట్టుకుంట నా ఎన్క వస్తున్నడు.

ఒక్కో గది చూసినం. జీరో. జీరో. జీరో.

ఆఖరి గది మిగిలింది. తలుపు జానెడు మందం ఉన్నది. తలుపు పడకుంట నరేందర్ కింద చెక్క పెట్టిండు. బూటుతోని తన్ని బిగించిండు. నా కండ్లార చూసిన, ఒట్టు.

లోపల గోడల పొంటి ఖాళీ పైపులు. నడుమ ఏం లేదు, ఒట్టి నేల. మిషన్ ఎత్తి పట్టుకున్న.

జీరో... మూడు వందలు.

మళ్ల జీరో.

మళ్ల మూడు వందలు.

"ఇదేందక్కా?" నరేందర్ మాస్కులకెల్లి గొణిగిండు.

మూడు వందలంటే ప్రాణం తీసే లెక్క. అంత గ్యాస్ ఉంటే చెమట పట్టిన మెడ భగ్గుమని మండాలె. నాకేం మండుతలేదు. గ్యాసు ఒకపాలి వచ్చిందంటే గది నిండా కమ్ముకుంటది. గిట్ల నిమిషానికి ఇన్నిసార్లు వచ్చుడు, పోవుడు ఉండదు. వచ్చుడు... పోవుడు... ఆ వరుస నాకు బాగా తెలిసిన వరుస లెక్కనే ఉన్నది గాని ఏందో పట్టుకోలేకపోయిన.

అప్పుడు ఎన్కనుంచి గాలి కదిలింది.

తలుపు పడ్డది.

సప్పుడు పెద్దగ రాలే. ఎవరో నిద్రపోయే పిల్ల ఉన్న ఇంట్ల తలుపు దగ్గరికేసినట్టు మెల్లగ పడ్డది. ఉరికి పోయి తోసిన. రాలే. లోపలి నుంచి తెరిసే పిడి ఉంటది గదా, అది పట్టి గుంజితే తుప్పు పట్టి చేతిలకే ఊడొచ్చింది. టార్చి కిందికి కొట్టిన. నరేందర్ పెట్టిన చెక్క మా కాళ్ల కాడ, గది లోపల పడి ఉన్నది.

"సార్! గోవర్ధన్ సార్!" వాకీటాకీల అరిసిన. గరగర తప్ప ఏం లేదు. ఇంత మందం గోడలు, ఏం పోతది మాట!

ఇగ అప్పుడు తెలిసొచ్చింది నాకు. బయట అంతమంది ఉన్నరు. గొడ్డళ్లున్నయి, రంపాలున్నయి. కాని నేను గాలి బాగున్నదని చెప్పేదాక ఒక్కడు కూడ గడప దాటడు. దాటొద్దని రూలు పెట్టింది ఎవరు? నేనే. యేసయ్యా... నా నోటితోని నేనే తాళం వేసుకున్నట్టైంది.

ఇద్దరం కలిసి తలుపు తన్నినం. భుజాలతోని తోసినం. తన్నిన కొద్ది ఊపిరి ఎక్కువ పీల్చుకుంటం, గాలి తొందరగ ఒడుస్తది. తెలిసి కూడ తన్నినం.

కీ...

నరేందర్ సిలిండర్ ఈల వేసింది. గాలి ఒడువొచ్చినప్పుడు ఆ ఈల మోగుతది. లోపలికి ఊపిరి పీల్చినప్పుడల్లా ఒక్కసారి. కీ... మళ్ల ఊపిరి... కీ...

"అక్కా, నాది అయిపోతున్నది."

"మెల్లగ పీల్చు. భయపడకు. నేనున్న గదా."

పొద్దుగాల వాన్ని ఎక్కించుకుందామని జీపు వాళ్లింటి కాడ ఆపితే, ముత్తమ్మ రొట్టెల గిన్నె చేతికిచ్చుకుంట, "వాన్ని జర చూసుకో బిడ్డా" అన్నది. ఇప్పుడు వాడు బతకాలంటే ఈ గదిల గాలి మంచిదో కాదో నేను చెప్పాలె. మంచిదైతే మాస్కు తీసి కూసుంటడు, ఎప్పటికో అప్పటికి ఎవరో వస్తరు. కాదంటే... కాదంటే ఏం లేదు.

మిషన్ వాని చేతికిచ్చి నేను తలుపు సందుల పిడి ముక్క దూర్చి తెరుద్దమని చూస్తున్న. ఎన్క మిషన్ ఒకపాలి కుయ్యిమన్నది.

"ఏం చేసినవురా?"

"మిషన్ పిచ్చిగ ఎగురుతున్నదక్కా. మళ్ల జీరో కొట్టిన. ఇప్పుడు మంచిగున్నది. చూడు."

"ఈడనా? లోపలనా? ఓరి నీ... పొద్దుగాలనే చెప్పిన గదరా!"

గుంజుకొని చూసిన. జీరో. ఇగ ఎగురుతలేదు. రవ్వంత కదులుతలేదు. ఇంతసేపు వచ్చి పోయినది ఏదో... ఇప్పుడు వచ్చి, పోకుండ మిషన్ ముందటనే నిలబడ్డట్టు.

అప్పుడు యాదికొచ్చింది వత్తి. మూడు పుల్లలు విరిగినంక ముట్టింది. నీలం రంగు చిన్న మంట. పైపుల పొంటి తిప్పిన. ఏం లేదు. అతుకుల కాడ పెట్టిన. ఏం లేదు. నేల మీద, మూలలల్ల... ఏం లేదు.

గది నడుమకు తిరిగిన.

నా ముఖమంత ఎత్తుల, ఒట్టి గాలిల, తెల్లటి పొగ లేసింది.

పోయింది.

మళ్ల లేసింది. చలికాలం పొద్దున మనిషి నోట్లకెల్లి వచ్చే పొగ చూస్తరు గదా, అట్లనే. ఒక ఊపిరంత సేపు ఉండుడు, పోవుడు. మళ్ల ఉండుడు. కాని ఆడ మనిషి లేడు... నోరు లేదు... ఊపిరి మాత్రం ఉన్నది. ఆ వరుస ఏందో అప్పుడు పట్టుకున్న. మిషన్ ఇంతసేపు లెక్కపెట్టింది ఆ ఊపిరినే.

నా ఊపిరి. నరేందర్ ఊపిరి. ఇంకొకటి.

పొగ జరిగింది. ఒక్క అడుగంత. నా దిక్కు కాదు.

"నరేందర్..." గుసగుసగ అన్న. "కదలకు. మాస్కు తియ్యకు."

కీ... కీ... కీ...

"ఎందుకక్కా? జీరో ఉన్నది గదా. నాకు ఊపిరాడుతలేదు."

"తియ్యకురా!"

తీసిండు. ఈల ఆగింది.

తెల్లటి పొగ వాని ముఖం ముందట లేసింది. వాడు నోరు తెరిచి, నీళ్లల మునిగి తేలినోని లెక్క, లోపలికి ఇంత ఊపిరి పీల్చుకున్నడు. పొగ మొత్తం లోపలికి పోయింది. కండ్లార చూసిన. ఆఖరి తునక దాక పోయింది.

తర్వాత వత్తి ఎక్కడ తిప్పినా గదిల పొగ లేదు.

"నరేందర్?"

వత్తి వాని ముఖం దగ్గరికి తీసుకపోయిన. వాడు మెల్లగ ఊపిరి వదిలిండు.

తెల్లగ వచ్చింది.

వత్తి చెయ్యి జారింది. చీకట్ల నా టార్చి ఒక్కటే. వాడు మాస్కు, సిలిండర్ విప్పి నేల మీద పడేసి, నన్ను దాటుకొని తలుపు కాడికి నడిసిండు. దగ్గు లేదు, మంట లేదు, తడబాటు లేదు. వంగి, తలుపు కింద వేళ్లు పెట్టిండు.

"తోస్తే రాదు" అన్నడు. "కింది నుంచి లేపాలె."

లేపిండు. తలుపు తెరుచుకున్నది.

"నీకెట్ల తెలుసు?" అడిగిన.

"తన్ని తన్ని తెలుసుకున్న."

ఉరికిన. ఎన్కకు చూడలే. ఎన్క తలుపు మళ్ల పడ్డ సప్పుడైంది, వాని బూట్ల సప్పుడు నా ఎంబడి వచ్చింది. మూల తిరిగేటాలకు ఎండ ముఖం మీద పడ్డది. ఆ ఎండను చూసి ఏడ్సిన, సిగ్గు లేకుంట ఏడ్సిన. ఒక విమానం గర్జించుకుంట దిగుతున్నది. ఫైరోళ్లు ఉరికొచ్చి నీళ్లిచ్చిండ్రు, మాస్కు గుంజిండ్రు. నరేందర్‌ను చూసి అందరు "షాబాష్, మంచిగనే ఉన్నడు" అన్నరు. వాడు అంబులెన్సు మెట్టు మీద కూసున్నడు. ఎండ దిక్కు ముఖం పెట్టి కండ్లు మూసుకున్నడు. ఎండను అట్ల చూసే మనిషిని నేనెన్నడు చూడలే.

నా చేతుల మిషన్ ఇంకా నడుస్తనే ఉన్నది. మైనస్ మూడు వందలు చూపిస్తున్నది.

హమ్మయ్య అనుకున్న. అది నాకు తెలిసిన లెక్కే. లోపల విషంల జీరో కొట్టిండు, బయట మంచి గాలిల మైనస్ చూపిస్తది. మిషన్‌కు ఏం కాలే, నా మతి కూడ పోలే. అంత ధైర్యం వచ్చి వాని పక్కన పోయి కూసున్న. ఎంతైనా నా తమ్ముని లెక్క.

మిషన్ల అంకె పైకి లేసింది.

వాడు ఊపిరి వదిలిండు. జీరో. పీల్చిండు. మైనస్ మూడు వందలు. వదిలిండు. జీరో.

"మేడం" గోవర్ధన్ సార్ వచ్చిండు. "లోపల ఇంకెవరన్న ఉన్నరా?"

నేను నోరు తెరిచేలోపల నరేందర్ చెప్పిండు. "ఎవ్వరు లేరు సార్. తలుపు నేనే వేసొచ్చిన."

అప్పుడు వినబడ్డది.

చానా సన్నగ... కోల్డ్ స్టోరేజ్ లోపలి నుంచి.

కీ...

వాని మాస్కు, సిలిండర్ ఆ గదిలనే ఉన్నయి. అండ్ల కొంచెం గాలి మిగిలి ఉన్నది. కాని ఆ ఈల దానంతట అది మోగదు. ఎవరన్న మాస్కు పెట్టుకొని ఊపిరి పీలిస్తేనే మోగుతది.

కీ... కీ...

లేవబోయిన. నరేందర్ నా మణికట్టు పట్టుకున్నడు. చెయ్యి మంచుగడ్డ.

"ఎటు?" అన్నడు.

విదిలించుకొని అరిసిన. "గాలి బాగున్నది! ఉరకండి! ఆఖరి గది! లోపల మనిషి ఉన్నడు!" మిషన్ చూడకుంట ఆ మాట చెప్పింది నా బతుకుల అదొక్కసారే. అందరు ఉరికినం. వాళ్లు తలుపు తోస్తున్నరు, గొడ్డలితోని కొడుతున్నరు. లోపలి నుంచి ఎవరో తన్నుతున్నరు. ఈల... ఈల... "కింది నుంచి లేపండి!" అని గొంతు చించుకున్న. లేపిండ్రు.

తలుపు తెరిసినం. ఈల ఆగింది.

గదిల ఎవ్వరు లేరు. నేల నడుమ నరేందర్ మాస్కు ఉన్నది. సిలిండర్ సుక్క గాలి లేకుంట ఒడిసింది. మాస్కు చేతిలకు తీసుకున్న. లోపలి దిక్కు అద్దం నిండ ఆవిరి పట్టి ఉన్నది. ఇంకా వెచ్చగ ఉన్నది.

దవాఖానల అన్ని పరీక్షలు చేసి నరేందర్‌కు ఏం లేదన్నరు. మూడో వారం డ్యూటీకొచ్చిండు. ఇప్పటికీ నాతోనే పనిచేస్తున్నడు, మంచిగ చేస్తడు, తప్పు పట్టడానికి లేదు. ముత్తమ్మ మాత్రం మొన్న ఫోన్ చేసి ఏడ్సింది. ఇంట్ల తలుపులు ఒక్కటి వెయ్యనిస్తలేడంట. నేనేం చెప్పాలె ఆమెకు? వాన్ని చూసుకో అన్న తల్లికి ఏమని చెప్పాలె?

రోజూ పొద్దుగాల మిషన్‌కు జీరో కొట్టే ముందు, "నరేందర్, జర అవతలికి పో, ఆ గోడ దాటి నిలబడు" అంట. పోతడు. నేను కొట్టేదాక అక్కడనే నిలబడి నా దిక్కే చూస్తుంటడు.

ఎందుకని ఇప్పటిదాక ఒక్కసారి కూడ అడగలే.